జీతం కాకుండా ఇంకేమైనా వచ్చిందా? బ్రిటన్‌లో సెల్ఫ్ అసెస్‌మెంట్ మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట. ఇక్కడ బ్రిటన్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాం, జీతంలోంచి ట్యాక్స్ నెలనెలా కంపెనీ వాళ్ళే పట్టేసుకుంటున్నారు, మరి మళ్ళీ మేము సెల్ఫ్ అసెస్‌మెంట్ రిటర్న్, అంటే మన ఆదాయం లెక్క మనమే వేసి ట్యాక్స్ వాళ్ళకి చెప్పుకునేది, వెయ్యాలా అక్కర్లేదా అని. మొన్న ఏప్రిల్ 5తో ముగిసిన 2025-26 సంవత్సరానికి కొత్తగా రిజిస్టర్ అవ్వాల్సిన వాళ్ళకి అక్టోబర్ 5 గడువు, ఆన్‌లైన్‌లో రిటర్న్ వేసి డబ్బు కట్టడానికి 2027 జనవరి 31 గడువు. కాబట్టి ఈ నెల కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేడం గారూ నమస్తే. నేను ఐటీలో చేస్తున్నాను, ప్రమోషన్ వచ్చాక బోనస్‌తో కలిపి 1,08,000 పౌండ్లు అయింది. లక్ష దాటితే రిటర్న్ కచ్చితంగా వెయ్యాలి అని మా టీమ్‌లో ఒకాయన అంటున్నాడు, అదేం లేదని ఇంకొకాయన. నాకు జీతం తప్ప వేరే ఒక్క పెన్నీ రాదు. ఎవరిని నమ్మాలి?
— ఒక పాఠకుడు, రెడింగ్

జవాబు: మొదటాయన చెప్పింది అబద్ధం కాదండి, పాత రూల్ అంతే. 2022-23 వరకు లక్ష పౌండ్లు దాటిన ప్రతి ఉద్యోగి రిటర్న్ వెయ్యాల్సిందే. 2023-24కి దాన్ని 1,50,000కి పెంచారు, 2024-25 నుంచి ఆ లిమిటే తీసేశారు. ఇప్పుడు జీతం ఎంత పెద్దదైనా సరే, అది మొత్తం పీఏవైఈలో, అంటే కంపెనీయే ట్యాక్స్ పట్టుకుని కట్టే పద్ధతిలో వస్తూ వేరే ఆదాయం ఏమీ లేకపోతే, జీతం పెద్దదన్న ఒక్క కారణంతో రిటర్న్ అక్కర్లేదు.

అందుకే నన్ను ఎవరడిగినా నేను ముందు జీతం ఎంత అని అడగను, మీ కంపెనీకి తెలియని డబ్బు ఏమైనా వచ్చిందా అని అడుగుతాను. అద్దె, వడ్డీ, షేర్లు, పక్క వ్యాపారం, ఇండియాలో ఉన్నవి, ఇవన్నీ పేస్లిప్‌లో కనిపించనివి కదా, సెల్ఫ్ అసెస్‌మెంట్ ఉన్నదే వాటి కోసం.

మీ విషయంలో ఒకటి మాత్రం చూసుకోండి. లక్ష దాటిన ప్రతి 2 పౌండ్లకి మీ 12,570 పర్సనల్ అలవెన్స్‌లోంచి, అంటే పన్ను పడని మొత్తంలోంచి, 1 పౌండు కోసేస్తారు, 1,25,140కి వచ్చేసరికి అలవెన్స్ సున్నా. మీకు 4,000 పోయి 8,570 మిగలాలి, అంటే మీ ట్యాక్స్ కోడ్‌లో, అదే జీతంలోంచి ఎంత పట్టాలో కంపెనీకి చెప్పే నంబర్‌లో, 857 అంకె ఉండాలి. బోనస్ సంగతి హెచ్‌ఎంఆర్‌సికి, అంటే ఇక్కడి ట్యాక్స్ ఆఫీసుకి, ముందే తెలియదు కాబట్టి చాలామందికి ఏడాదంతా పాత 1257ఎల్ కోడే నడిచి, తర్వాత పీ800 అని లెక్క కాగితం వస్తుంది ఇంత బాకీ ఉన్నారు అని, అది చూసి కంగారు పడొద్దు. ఇంకో మాట, లక్ష మీద ఉన్న ఆ 8,000కి మీరు నిజానికి కడుతున్నది 40 కాదు 60 శాతం, చిన్న పిల్లలుంటే ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ కూడా పోతుంది. పోయిన ఏడాది ఎలాగూ అయిపోయింది, ఈ ఏడాదికి మాత్రం ఆ పై మొత్తాన్ని శాలరీ సాక్రిఫైస్‌లో, అంటే చేతికి రాకముందే జీతంలోంచి తగ్గించి, పెన్షన్‌కి మళ్ళించొచ్చేమో మీ హెచ్‌ఆర్‌ని ఇప్పుడే అడగండి, మార్చిలో కాదు.

ప్రశ్న: అక్కా నమస్తే. నేను బర్మింగ్‌హామ్‌లో ఆరేళ్ళ నుంచి ఉంటున్న, 62,000 జీతం. హైదరాబాద్‌లో మా ఫ్లాట్ కిరాయికి ఇచ్చినం, నెలకు 25,000 రూపాయలు వస్తది, అది అమ్మవాళ్ళ ఖర్చులకే పోతది, ఇక్కడికి ఒక్క రూపాయి తెచ్చుకోను. ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీలో 20 లక్షలున్నయి, దానికి ఇండియాలో ట్యాక్స్ లేదు కదా. ఇక్కడ చెప్పాల్నా? ఫ్రెండ్స్ ఎవ్వరూ చెప్తలేరు.
— ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: చెప్పాలి తమ్ముడూ. ఈ ప్రశ్న నాకు ఏటా పదిమందైనా అడుగుతారు, అందరి నమ్మకం ఒకటే, ఇండియాలో పన్ను లేనిది ఇక్కడా ఉండదు, ఇక్కడికి తేనిది ఇక్కడ లెక్కలోకి రాదు అని. రెండూ తప్పే.

బ్రిటన్‌లో రెసిడెంట్ అయిన మనిషికి ప్రపంచంలో ఎక్కడ ఏం వచ్చినా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. డబ్బు ఇక్కడికి తెస్తేనే పన్ను అనే రెమిటెన్స్ పద్ధతి ఇదివరకు ఉండేది, 2025 ఏప్రిల్ 6తో దాన్ని ఎత్తేశారు. దాని బదులు కొత్తగా వచ్చిన వాళ్ళకి మొదటి 4 సంవత్సరాలు విదేశీ ఆదాయం మీద రిలీఫ్ పెట్టారు, కాకపోతే రావడానికి ముందు వరసగా 10 ట్యాక్స్ సంవత్సరాలు ఇక్కడ రెసిడెంట్ అయ్యుండకూడదు, పైగా ఆ రిలీఫ్ అడగాలంటే కూడా రిటర్నే వెయ్యాలి, అడిగితే ఆ ఏడాది పర్సనల్ అలవెన్స్ మొత్తం వదులుకోవాలి. చిన్న మొత్తాలకి అది గిట్టుబాటు కాదు. నువ్వు వచ్చి ఆరేళ్ళయింది కాబట్టి నీకు అది ఎలాగూ లేదు.

ఇప్పుడు ఎన్‌ఆర్‌ఈ సంగతి, అదే బయట సంపాదించింది ఇండియాలో దాచుకునే అకౌంట్. ఆ వడ్డీకి పన్ను లేదు అన్నది ఇండియా చట్టం ఇచ్చిన మినహాయింపు, అది ఇండియా వరకే. ఇక్కడ అది మామూలు వడ్డీ. 20 లక్షలకి 7 శాతం అనుకుంటే 1,40,000 రూపాయలు, పౌండ్లలో 1,200 దగ్గర దగ్గర. నువ్వు 40 శాతం బ్యాండ్‌లో ఉన్నావు కాబట్టి వడ్డీ మీద నీకు 500 పౌండ్ల వరకే అలవెన్స్, మిగిలిన 700 మీద 40 శాతం అంటే 280 పౌండ్లు. ఇక్కడి బ్యాంకు వడ్డీ కూడా ఉంటే ఆ 500లోనే అదీ సర్దుకోవాలి. పీపీఎఫ్ వడ్డీ కూడా ఇంతే, ఇండియాలో ఫ్రీ, ఇక్కడ కాదు.

ఎన్‌ఆర్‌ఓ అకౌంట్, అంటే ఇండియాలో వచ్చే అద్దెలాంటివి వేసుకునేది, దాని వడ్డీ ఉంటే ఇంకో చిక్కు ఉంది. అక్కడ బ్యాంకు 30 శాతం, సెస్ కలిపితే 31.2 శాతం టీడీఎస్ కోసేస్తుంది. మనవాళ్ళు ఆ కోసిందంతా ఇక్కడ క్రెడిట్ కింద, అంటే ఇక్కడి పన్నులోంచి తగ్గించుకునేదిగా, రాసేస్తారు. కానీ రెండు దేశాల ఒప్పందంలో వడ్డీకి పన్ను 15 శాతం మించకూడదు అని ఉంది, హెచ్‌ఎంఆర్‌సి ఆ 15 వరకే ఒప్పుకుంటుంది, మిగతాది ఇండియాలో ఐటీఆర్ వేసి రిఫండ్ తెచ్చుకోవాల్సిందే తప్ప ఇక్కడ ఇవ్వరు.

అద్దె సంగతి కూడా ఇలాంటిదే, మనవాళ్ళు ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే. ఏడాదికి 3 లక్షలు, అంటే సుమారు 2,600 పౌండ్లు. ఇండియాలో లెక్క కట్టేటప్పుడు 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తారు, 2,10,000 మిగులుతుంది. నీకు అక్కడ వేరే ఆదాయం లేకపోతే కొత్త పద్ధతిలో 4 లక్షల వరకు పన్ను లేదు, అంటే అక్కడ కట్టేది సున్నా. అక్కడ సున్నా అయినప్పుడు ఇక్కడ తీసుకోవడానికి క్రెడిటే ఉండదు. ఒకవేళ కిరాయిదారు టీడీఎస్ పట్టినా అది నీకు రిఫండ్ వచ్చే డబ్బే కాబట్టి దాన్నీ క్రెడిట్ అనలేం, క్రెడిట్ అనేది అక్కడ చివరికి నిజంగా కట్టిన పన్నుకే. ఇండియాలో ఇచ్చే ఆ 30 శాతం కూడా ఇక్కడ ఉండదు, నిజంగా ఖర్చు పెట్టింది, రిపేర్లు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, ఇన్సూరెన్స్, కాగితాలుంటే అవి తీసేసుకోవచ్చు. లేదంటే ఖర్చుల బదులు 1,000 పౌండ్ల ప్రాపర్టీ అలవెన్స్ తీసుకోవచ్చు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. హోమ్ లోన్ వడ్డీ ఉంటే దాన్ని ఖర్చు కింద తియ్యనివ్వరు, దాని మీద 20 శాతం మాత్రం పన్నులో తగ్గిస్తారు. అద్దె అమ్మావాళ్ళే వాడుకుంటున్నారు అన్నావు, మంచి పనే, కానీ ఫ్లాట్ నీ పేరు మీద ఉన్నంతకాలం ఆ అద్దె నీదే.

ఇవన్నీ హెచ్‌ఎంఆర్‌సికి ఎలా తెలుస్తుంది అని నువ్వు అడగలేదు కానీ నీ ఫ్రెండ్స్ అడుగుతారు. బ్యాంకులు అకౌంట్ వివరాలని దేశాల మధ్య పంచుకునే ఏర్పాటు ఉంది, ఇండియా, బ్రిటన్ రెండూ 2017 నుంచి అందులో ఉన్నాయి. బర్మింగ్‌హామ్ అడ్రస్ ఇచ్చి తెరిచిన అకౌంట్ వడ్డీ వివరం ఇక్కడికి వస్తుంది. ఆ తర్వాతే మీకు విదేశీ ఆదాయం ఉన్నట్టు మా దగ్గర సమాచారం ఉంది అని ఉత్తరాలు మొదలవుతాయి. వాళ్ళు అడగకముందే మనంతట మనం చెప్పినదానికీ, అడిగాక చెప్పినదానికీ పెనాల్టీలో చాలా తేడా ఉంటుంది, విదేశీ ఆదాయం మీద వాళ్ళు 12 ఏళ్ళ వెనక్కి కూడా వెళ్ళగలరు. ఈ 2025-26 ఒక్కటే కాదు తమ్ముడూ, వెనకటి ఏళ్ళ కిరాయి, వడ్డీ కూడా ఒక కాగితం మీద రాసుకో, ఏడాదికి ఎంత అని ఏప్రిల్ 6 నుంచి ఏప్రిల్ 5 వరకు, ఇండియా లెక్క మార్చి 31తో ఆగిపోతుంది కాబట్టి అక్కడి సర్టిఫికెట్ ఉన్నదున్నట్టు వాడితే కొన్ని రోజులు తేడా వస్తుంది. వెనకటి ఏళ్ళకి అయితే ఈ పని తెలిసిన అకౌంటెంట్ దగ్గరికి ఒక్కసారి వెళ్ళు, ఆ ఫీజు దండగ కాదు.

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. పోయిన సంవత్సరం ఐఎల్‌ఆర్ వచ్చాక చైల్డ్ బెనిఫిట్‌కి అప్లై చేశాను, నా అకౌంట్‌లోనే పడుతోంది. నేను ఉద్యోగం చెయ్యట్లేదు. మా వారి జీతం 68,000. అది తిరిగి కట్టాలి అంటున్నారు, మరి రిటర్న్ నేను వెయ్యాలా ఆయనా? అసలు మానేస్తే పోదా?
— ఒక పాఠకురాలు, మిల్టన్ కీన్స్

జవాబు: ఐఎల్‌ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చేదాకా ఆగి చైల్డ్ బెనిఫిట్‌కి, అదే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బుకి, అప్లై చెయ్యడం చాలా మంచి పని చేశారమ్మా, ఎందుకంటే వీసాలో పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదు అని ఉన్నవాళ్ళకి చైల్డ్ బెనిఫిట్ కూడా అందులోకే వస్తుంది, ఆ సంగతి తెలియక తీసుకుని తర్వాత వీసా దగ్గర ఇబ్బంది పడ్డ కుటుంబాలు ఉన్నాయి.

డబ్బు మీ అకౌంట్‌లో పడినా సరే, తిరిగి కట్టే బాధ్యత ఇద్దరిలో ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ళది, అంటే మీవారిది. 60,000 దాటిన ప్రతి 200 పౌండ్లకి బెనిఫిట్‌లో 1 శాతం చొప్పున వెనక్కి ఇవ్వాలి, 80,000కి మొత్తం పోతుంది. 2025-26లో పెద్దపిల్లకి వారానికి 26.05, రెండోవాళ్ళకి 17.25, ఏడాదంతా తీసుకుని ఉంటే 2,250 పౌండ్లు చిల్లర. మీవారిది 8,000 ఎక్కువ ఉంది కాబట్టి 40 శాతం, అంటే 900 పౌండ్లు కడితే మిగతా 1,350 మీ దగ్గరే ఉంటుంది. ఏడాది మధ్యలో మొదలైతే తీసుకున్న దానికే లెక్క.

ఇదివరకు ఈ ఒక్క దాని కోసమే లక్షల మంది మామూలు ఉద్యోగులు రిటర్న్ వెయ్యాల్సి వచ్చేది. 2025 నుంచి ఇంకో దారి ఇచ్చారు. వేరే ఏ కారణంతోనూ రిటర్న్ అవసరం లేకపోతే, ఈ చార్జిని ట్యాక్స్ కోడ్ మార్చి జీతంలోంచే పట్టుకోమని హెచ్‌ఎంఆర్‌సికి ఆన్‌లైన్‌లో చెప్పొచ్చు, మీవారు తన లాగిన్‌తో చెయ్యాలి. అలా చెప్పకుండా, రిటర్నూ వెయ్యకుండా ఊరుకుంటే మాత్రం కుదరదు.

మానేస్తే పోదా అన్నారు, దయచేసి క్లెయిమ్ మానెయ్యొద్దు. మీరు ఉద్యోగం చెయ్యట్లేదు కాబట్టి ఆ క్లెయిమ్ వల్ల మీ పేరు మీద నేషనల్ ఇన్సూరెన్స్ క్రెడిట్లు పడుతున్నాయి, చిన్నబిడ్డకి 12 ఏళ్ళు వచ్చేదాకా పడతాయి, రేపు మీ స్టేట్ పెన్షన్‌కి అవే ఆధారం. రేపు ఆయన జీతం 80,000 దాటినా డబ్బు వద్దు అని టిక్ పెట్టి క్లెయిమ్ మాత్రం అలాగే ఉంచుకోండి. ఇంట్లో ఉండే ఆడవాళ్ళు ఈ ఒక్క టిక్ తెలియక పదేళ్ళ పెన్షన్ పోగొట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇంకోటి, 60,000 అనేది ఉత్త జీతం మీద కాదు, పెన్షన్‌కి కట్టినది, గిఫ్ట్ ఎయిడ్‌లో ఇచ్చిన విరాళం తీసేశాక వచ్చే అంకె మీద.

ప్రశ్న: నేను స్కూల్ క్యాంటీన్‌లో పార్ట్ టైమ్ చేస్తాను, మా ఆయన స్కిల్డ్ వర్కర్ వీసా, నాది డిపెండెంట్. ఇంట్లో ఆవకాయ, గోంగూర, పొడులు చేసి వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతున్నాను. ఏడాదిలో 2,300 పౌండ్లు వచ్చింది, సరుకులు, సీసాలు, పోస్టేజీ 1,600 పోయింది. మిగిలింది 700 కదా, 1,000 లోపు అయితే చెప్పక్కర్లేదు అన్నారు.
— ఒక పాఠకురాలు, లీసెస్టర్

జవాబు: ఆ 1,000 అనేది మిగిలిన దాని మీద కాదండి, అమ్మిన మొత్తం మీద. మీ అమ్మకం 2,300 కాబట్టి లిమిట్ దాటేశారు, రిజిస్టర్ అయ్యి రిటర్న్ వెయ్యాలి. వేసేటప్పుడు రెండు దారులు, 1,000 అలవెన్స్ తీసుకుంటే 1,300 మీద పన్ను, అసలు ఖర్చులు చూపిస్తే 700 మీద పన్ను. మీకు రెండోదే మేలు. స్కూల్ జీతమే మీ 12,570 అలవెన్స్ వాడేసుకుంటే 700 మీద 20 శాతం, 140 పౌండ్లు, జీతం తక్కువై అలవెన్స్ ఇంకా మిగిలి ఉంటే అసలేమీ ఉండకపోవచ్చు, అయినా రిటర్న్ మాత్రం వెయ్యాలి. సరుకుల బిల్లులు దాచండి, వ్యాపారం ఉన్నవాళ్ళు జనవరి 31 తర్వాత 5 ఏళ్ళ పాటు లెక్కలు ఉంచుకోవాలి. ఊరగాయల పని కాబట్టి కౌన్సిల్ దగ్గర ఫుడ్ బిజినెస్ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోండి, దానికి డబ్బేమీ తీసుకోరు.

మీది డిపెండెంట్ వీసా కాబట్టి సొంతంగా వ్యాపారం చేసుకునే హక్కు ఉంది. ఇది చదివి స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలు డెలివరీ పనికి దిగొద్దు, వాళ్ళకి సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ కుదరదు, ట్యాక్స్ కట్టినంత మాత్రాన వీసా తప్పు సరైపోదు.

ప్రశ్న: మా కంపెనీ ఆర్‌ఎస్‌యూలు ఇస్తుంది. వెస్ట్ అయినప్పుడే సగం దాకా ట్యాక్స్ కట్ అయిపోయింది. ఈ ఏడాది అవి అమ్మాను. ఇంకా ఏమైనా ఉంటుందా?
— ఒక పాఠకుడు, మాంచెస్టర్

జవాబు: ఆర్‌ఎస్‌యూలు అంటే జీతంతో పాటు కంపెనీ ఇచ్చే షేర్లు, అవి మీ చేతికి వచ్చిన రోజే వెస్ట్ అయిన రోజు. ఆ రోజు విలువ వరకు పని అయిపోయినట్టే, అది జీతంలోనే వచ్చేసింది. ఆ రోజు నుంచి అమ్మిన రోజు వరకు పెరిగిందే మీరు చూసుకోవాలి. 18,000 విలువ ఉన్నప్పుడు వెస్ట్ అయ్యి 23,500కి అమ్మితే లాభం 5,500, అందులో 3,000 వరకు మినహాయింపు, మిగిలిన 2,500 మీద 40 శాతం బ్యాండ్‌లో ఉన్నవాళ్ళకి 24 శాతం, 600 పౌండ్లు. దీన్ని రిటర్న్‌లో చూపించాలి. లాభం 3,000 లోపే ఉంటే దీని కోసం కొత్తగా రిజిస్టర్ అవ్వక్కర్లేదు. అమెరికా షేర్ల మీద డివిడెండ్ వస్తుంటే, ఇక్కడివీ అక్కడివీ కలిపి 500 లోపుండి వేరే విదేశీ ఆదాయం లేకపోతే దానికీ రిటర్న్ అక్కర్లేదు. వెస్ట్ అయిన తేదీ, ఆ రోజు ధర మాత్రం ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, కంపెనీ మారాక ఆ పోర్టల్ మీకు తెరుచుకోదు.

ప్రశ్న: రెండేళ్ళ క్రితం కొన్నాళ్ళు పక్కన పని చేసి సెల్ఫ్ అసెస్‌మెంట్‌కి రిజిస్టర్ అయ్యాను. అది మానేసి చాలా కాలమైంది, ఇప్పుడు ఉత్త జీతమే. రిటర్న్ వెయ్యమని లెటర్ వస్తే కట్టేది ఏమీ లేదు కదా అని పక్కన పెట్టేశాను. ఇప్పుడు 100 పౌండ్లు పెనాల్టీ అంటూ ఇంకో లెటర్. పన్నే లేనప్పుడు ఫైన్ ఏంటండీ?
— ఒక పాఠకుడు, గ్లాస్గో

జవాబు: రిటర్న్ వెయ్యమని నోటీసు వచ్చిందంటే, పన్ను ఉన్నా లేకపోయినా వెయ్యాల్సిందే, ఆ కాగితమే చట్టం. నాకు ఏ ఆదాయమూ లేదు అని చెప్పడానికి కూడా రిటర్నే దారి, లేదా నోటీసు వెనక్కి తీసుకోండి అని వాళ్ళని అడిగి వాళ్ళు ఒప్పుకోవాలి. మీ కేసులో అదే చెయ్యండి, ఇప్పుడు జీతం ఒక్కటే అని ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో చెప్పి నోటీసు రద్దు అడగండి, ఒప్పుకుంటే 100 పెనాల్టీ కూడా తీసేసే వీలుంది. ఒప్పుకోకపోతే ఆ రోజే రిటర్న్ వేసెయ్యండి. ఎందుకింత తొందర పెడుతున్నానంటే 3 నెలలు దాటితే రోజుకి 10 చొప్పున 900 దాకా పెరుగుతుంది, 6 నెలలకి ఇంకో 300, ఏడాదికి ఇంకో 300, అంటే ఒక్క పెన్నీ పన్ను బాకీ లేని మనిషి 1,600 పౌండ్లు కట్టే పరిస్థితి వస్తుంది.

ఇది నాకూ జరిగిందే. ఈ దేశం వచ్చిన కొత్తలో ఏడాదికో ఇల్లు మారేవాళ్ళం, బ్యాంకుకి చెప్పాను, బడికి చెప్పాను, ట్యాక్స్ వాళ్ళకి అడ్రస్ మార్చాలని తట్టలేదు. నోటీసు పాత ఇంటికి వెళ్ళింది, తర్వాత అద్దెకి దిగిన వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఐదు నెలల తర్వాత ఆ బ్రౌన్ కవర్లన్నీ ఒక కట్ట కట్టి తెచ్చిచ్చారు. అప్పటికి 100 కాస్తా ఎన్నో వందలయింది, అప్పుడు మా నెల సరుకులన్నీ కలిపినా అంత అయ్యేది కాదు. అప్పటినుంచి ఇల్లు మారిన ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే, హెచ్‌ఎంఆర్‌సి యాప్‌లో అడ్రస్ మార్చండి, రెండు నిమిషాల పని.

ప్రశ్న: 2025 ఆగస్టులో ఉద్యోగం వదిలేసి పూర్తిగా విజయవాడ వచ్చేశాం. రిటర్న్ వెయ్యాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: జీతం ఒక్కటే అయితే, రిటర్న్ నోటీసు ఏదీ రాకపోతే, దేశం వదిలి వెళ్ళామని చెప్పే పీ85 అనే ఫారం పంపితే చాలు, ఉద్యోగం మానినప్పుడు కంపెనీ ఇచ్చిన పీ45 వివరాలు దగ్గర పెట్టుకోండి. మీకు నాలుగు నెలల జీతానికే ఏడాది మొత్తం అలవెన్స్ వర్తిస్తుంది కాబట్టి రిఫండ్ వచ్చే అవకాశం ఎక్కువ. బ్రిటన్‌లో ఇల్లు కొనుక్కుని అద్దెకిచ్చి వచ్చి ఉంటే మాత్రం రిటర్న్ తప్పదు, దాంట్లో రెసిడెన్స్ పేజీలు నింపాలి, హెచ్‌ఎంఆర్‌సి ఉచిత వెబ్‌సైట్‌లో ఆ పేజీలు ఉండవు. పేపర్ మీద వేస్తే గడువు అక్టోబర్ 31కే అయిపోతుంది, లేదంటే డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలి. జనవరి దాకా టైముంది కదా అని కూర్చుని ఆ నెలలో తెలుసుకునే వాళ్ళే ఎక్కువ.

ప్రశ్న: మేడం, ఇండియా అద్దె, ఇక్కడ ట్యూషన్ల డబ్బు కలిపి లెక్క వేసుకుంటే 2025-26కి 2,700 పౌండ్లు కట్టాలి అని తేలింది. జనవరిలో ఒకేసారి అంత నా వల్ల కాదు, పోయిన నెలే కారు రిపేరు, ఇంటి డిపాజిట్ అన్నీ అయ్యాయి. డబ్బు చేతికొచ్చేదాకా రిటర్న్ వెయ్యకుండా ఆగితే ఏమవుతుంది? నా జీతం 70,000.
— ఒక పాఠకుడు, స్లౌ

జవాబు: అస్సలు ఆగొద్దండి. వెయ్యనందుకు పెనాల్టీ వేరు, కట్టనందుకు పెనాల్టీ వేరు, ఆగితే రెండూ పడతాయి, వేస్తే మొదటిది పోతుంది. పైగా మీకు చాలా మంచి దారి ఒకటి ఉంది, దాని గురించే తెలుసుకోండి. బాకీ 3,000 లోపు ఉండి, మీకు పీఏవైఈ జీతం ఉంటే, ఆన్‌లైన్ రిటర్న్ డిసెంబర్ 30 లోపు వేసేస్తే ఆ మొత్తాన్ని 2027-28 ట్యాక్స్ కోడ్‌లో కలిపి నెలనెలా జీతంలోంచి పట్టుకుంటారు, 2027 ఏప్రిల్ నుంచి నెలకి 225 పౌండ్ల చొప్పున, దానికి వడ్డీ కూడా ఉండదు. రిటర్న్‌లో ఒక ప్రశ్న అడుగుతుంది, ట్యాక్స్ కోడ్ ద్వారా వద్దనుకుంటున్నారా అని, అక్కడ చదవకుండా వద్దు అని నొక్కేయకండి. డిసెంబర్ 31న వేస్తే ఈ దారి మూసుకుపోతుంది, ఒక్క రోజు తేడా.

మీరు ఇంకా రిజిస్టర్ కాకపోతే ఈ వారమే ఎస్‌ఏ1 ఫారం ఆన్‌లైన్‌లో నింపండి, ట్యూషన్లు సొంతంగా చెప్తుంటే సెల్ఫ్ ఎంప్లాయిడ్ కింద రిజిస్టర్ అవ్వాలి, అప్పుడు అది వేరే ఫారం. మీ పేరు మీద ట్యాక్స్ వాళ్ళు ఇచ్చే పది అంకెల యూటీఆర్ నంబర్ పోస్టులో రావడానికి వారాలు పడుతుంది, అది లేకుండా రిటర్న్ తెరుచుకోదు, కాబట్టి డిసెంబర్ 30 అందుకోవాలంటే నవంబర్ దాకా ఆగితే కష్టం. ఒకవేళ అక్టోబర్ 5 దాటిపోయినా భయపడి దాక్కోకండి, ఆ ఆలస్యానికి పెనాల్టీ జనవరి 31కి కట్టకుండా మిగిలిన పన్ను మీద లెక్క వేస్తారు.

వచ్చే ఏడాదికి సగం ముందుగానే కట్టమని పేమెంట్ ఆన్ అకౌంట్ అడుగుతారేమో అని కూడా కంగారు పడకండి, మొత్తం పన్నులో 80 శాతం పైన జీతంలోంచే పోయిన వాళ్ళకి అది పెట్టరు, 70,000 జీతానికి మీకు 15,000 పైనే పోతుంది కాబట్టి 2,700కి ఆ సమస్య రాదు. ఇవేవీ కుదరక జనవరి 31 వచ్చేస్తే, రిటర్న్ వేసేశాక హెచ్‌ఎంఆర్‌సి సైట్‌లోనే టైమ్ టు పే అని వాయిదాల ప్లాన్ పెట్టుకోవచ్చు, 30,000 లోపు బాకీకి ఎవరితోనూ మాట్లాడే పని లేకుండానే అవుతుంది, వడ్డీ మాత్రం పడుతుంది. మీకు ఆ అవసరం రాకూడదు, ముందు ఆ రిజిస్ట్రేషన్ పూర్తి చేసి నాకు మళ్ళీ రాయండి.